హాజరు పట్టీలో చొక్కా

ఉదయం ఏడున్నర. ముసురు పట్టి మూడు రోజులైంది. వాన పెద్దగా లేదు, ఆగడమూ లేదు.

ఆమె వసారాలో తీగ మీంచి చొక్కా తీసింది. నిన్న సాయంత్రం ఉతికి, పిండి, ఆరేసిన చొక్కా. ఇప్పుడు మోచేతుల దాకా బురద. కాలరు వెనక గడ్డిగింజలు అంటుకుని ఉన్నాయి.

"ఇవాళ ఎక్కడిదత్తయ్యా?" పసిదానికి జడ వేస్తూ కోడలు అడిగింది.

ఆమె బురదని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. "జిగట మన్ను. ఏదో ఏటి ఒడ్డు."

"నిన్న ఇసక కదా."

"నిన్న ఇసకే. బాగా దూరం నడిచుంటాడు."

కోడలు రిబ్బను ముడి బిగించి పసిదాన్ని వదిలింది. ఆమె చొక్కాని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గొడుగు తీసుకుని, జీతాల ఆఫీసుకి బయల్దేరింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో పొద్దు ఇలాగే మొదలవుతోంది.

కొడుకు పోయి ఆ ఎనిమిది నెలలు. పోయేనాటికి అతనికి పదకొండు నెలల జీతం రావాలి. యుద్ధం జరిగే చోటికి తూటాలు మోసే బండ్లు రోజూ వెళ్ళేవి. జీతం మోసే బండి మాత్రం ఎప్పుడు అడిగినా మరమ్మతులో ఉండేది. వచ్చే నెల రెండూ కలిపి ఇస్తారట అని ఉత్తరం రాశాడు. తరవాతి ఉత్తరంలో, మూడూ కలిపి ఇస్తారట అని రాశాడు. అలా కలుపుతూ కలుపుతూ పదకొండు దాకా వచ్చాక ఉత్తరాలు ఆగిపోయి ఒక పార్సిలు వచ్చింది. అందులో ఒక చొక్కా, ఒక బెల్టు, ఒక దువ్వెన. దువ్వెన అతనిది కాదు. చొక్కా అతనిదే. రెండో బొత్తాం ఆమె చేత్తో కుట్టింది.

ఆ సాయంత్రమే ఉతికి ఆరేసింది. చీకటి పడ్డాక చూస్తే తీగ మీద లేదు. పొద్దున్నే ఉంది, నిలువెల్లా బురదతో. ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. పనికెళ్ళిన మనిషి బట్టలు మాస్తాయి. మాస్తే ఉతకాలి. అంతే కదా.

ఆమెకి తెలిసిన పనీ అదే. పెద్దాసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ళుగా చేస్తోంది. మనుషుల ముఖాలు ఆమెకి సరిగ్గా గుర్తుండవు గానీ మరక చూస్తే మనిషిని చెప్పేస్తుంది. రక్తానికి చన్నీళ్ళు. వేన్నీళ్ళు తగిలితే గుడ్డని పట్టుకుని వదలదు. నూనెకి సుద్దపొడి. సిరాకి పాలు. బురదని ఎండనివ్వాలి, ఎండాక దులపాలి, ఆ తరవాతే నీళ్ళు. తడి మీద రుద్దితే లోపలికి దిగబడిపోతుంది. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఆమె నోరు తెరిచి చెప్పే పాఠం అంతవరకే. మిగతాది వాళ్ళే చూసి నేర్చుకోవాలి.

జీతాల ఆఫీసులో మనుషులని కూడా ఆమె మరకలతోనే పిలుచుకుంటుంది, మనసులో. మొదటి కిటికీ వెనక కూర్చునే గుమాస్తా టీమరక. మూడో బొత్తాం కింద ఒక మరక, రోజూ అదే చోట. లోపలి గదిలో ఉండే పెద్దాయన సిరాజేబు. పెన్ను మూత పెట్టుకోవడం చేతకాని మనిషి నాలుగు జిల్లాల సిపాయిల జీతాలు చూస్తాడు. పక్క వరండాలో సైన్యంలోకి మనుషులని రాసుకునే అతనికి ఒక్క మరక లేదు. గంజి పెట్టి, మడత నలగకుండా, కూర్చుంటే చప్పుడయ్యేంత బిరుసుగా ఉంటాడు. అతన్ని గంజాయన అనుకుంటుంది. ఒంటి మీద ఒక్క మరకా లేనివాణ్ణి ఆమె ఎప్పుడూ నమ్మలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు టీమరక కాగితాలు తిరగేసి, "యూనిఫాం అప్పగించాలమ్మా," అన్నాడు. "ఉతికి ఇస్త్రీ చేసి తేవాలి. ప్రభుత్వం శుభ్రమైన చొక్కా ఇచ్చింది, శుభ్రంగానే తీసుకుంటుంది."

"మనిషిని నేనూ శుభ్రంగానే ఇచ్చాను," అంది ఆమె.

టీమరక చెవిన వేసుకోలేదు. ఆమె మర్నాడు పొద్దున్నే చొక్కాని ఉతికి, ఇస్త్రీపెట్టెతోనే ఆరబెట్టి, కాగితంలా మడిచి తీసుకెళ్ళింది. అతను దాన్ని వెనక అల్మరాలో పెట్టి తాళం వేసి, "రేపు రా," అన్నాడు.

రేపటికి అల్మరా మూడు అరలూ బురదే. చొక్కా దాని దారిన అది వెళ్ళి దాని దారిన అది తిరిగొచ్చింది. కిందనున్న ఫైళ్ళు నాని ముద్దయ్యాయి. టీమరక ఆ చొక్కాని పెన్సిలు కొసతో ఎత్తి కిటికీలోంచి ఆమె ముందు పడేశాడు.

"ఏంటమ్మా ఇది? మీవాడు చనిపోయాడన్నావు కదా."

"నేనెక్కడన్నాను? మీరే కాగితం పంపారు."

"చనిపోతే డ్యూటీకెందుకెళ్తున్నాడు?"

"మీరు వెళ్ళమన్నారు కాబట్టి. ఆగమని ఎవరూ చెప్పినట్టు లేదు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. టీమరక ముఖం చిట్లించాడు.

"సరే, డ్యూటీలో ఉన్నాడనే అనుకుందాం. అయితే జీతం ఇవ్వండి," అంది ఆమె.

"డ్యూటీలో ఉన్నవాడి జీతం వాడి చేతికే ఇస్తాం. వచ్చి సంతకం పెట్టమను."

"రాలేడు. చనిపోయాడు."

"చనిపోతే ఖాతా మూసి నీకిస్తాం. కానీ మూడు అరల బురద కళ్ళ ముందుంటే ఖాతా ఎలా మూస్తానమ్మా? డ్యూటీలో ఉన్నవాళ్ళకి ఒక గడి ఉంది, చనిపోయినవాళ్ళకి ఒక గడి ఉంది. చనిపోయి డ్యూటీలో ఉన్నవాళ్ళకి ఈ ఫారంలో గడి లేదు."

ఈ గొడవకి లోపలి గదిలోంచి సిరాజేబు వచ్చాడు. అతని దగ్గర లావుపాటి నిబంధనల పుస్తకం ఒకటుంది. ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సి వచ్చినప్పుడే దాన్ని తెరుస్తాడు. పది నిమిషాలు వెతికి వేలు పెట్టి చూపించాడు.

"వరసగా మూడు పొద్దులు చొక్కా మాయకుండా వస్తే మనిషి డ్యూటీ దిగినట్టు. అప్పుడు ఖాతా మూసేస్తాం. పదకొండు నెలలదీ ఒక్కసారే ఇస్తాం. అందాకా నువ్వు రోజూ తెచ్చి ఇక్కడ చూపించాలి. మాసి ఉంటే గుమాస్తా హాజరు రాస్తాడు. ఒక్కరోజు తేకపోయినా పారిపోయినట్టు లెక్క. పారిపోయినవాడి ఖాతా ఆ పూటే మూతపడుతుంది, జీతం ఒక్క పైసా రాదు."

"చూశావా, ఎంత సులువో," అన్నాడు టీమరక.

అలా మొదలైంది. ఆ వరసలో ఆమె ఒక్కతే కాదు. అలాంటి చొక్కాలు ఇంకో ఆరు వస్తాయి. ఆమె వెనక నిలబడే గడ్డం తాత మనవడి చొక్కా ఎప్పుడూ మంచుతో బిగుసుకుని ఉంటుంది. "మావాడిది చలిప్రదేశం. నాకు ఉతికే పని తప్పింది, దులిపితే చాలు," అంటాడు ఆయన, ఏదో లాభం వచ్చినట్టు. కిటికీ వెనక టీమరక ఏడు చొక్కాలకీ ఏడు టిక్కులు పెడతాడు. పెట్టి, చెయ్యి నొప్పి పుట్టినట్టు విదిలిస్తాడు.

ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. చొక్కాని బాయిలర్లో ఉడికించింది. ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. చొక్కా చేతులు రెండూ ముడివేసి తలగడ కింద పెట్టుకుంది. పొద్దున్నే బురద. ఒకరోజు సున్నపుమన్ను, ఒకరోజు బొగ్గుపొడి, ఒకరోజు భుజం మీద ఎవరిదో రక్తం. ఆ రోజు ఆఫీసులో చూపించి వచ్చాక ఆమె లాండ్రీకి వెళ్ళలేదు. చన్నీళ్ళలో నానబెట్టి తొట్టి పక్కనే కూర్చుంది. ఎవరినో మోసుకెళ్ళి ఉంటాడని కోడలు అంది. అంతే అయి ఉంటుందని ఆమె కూడా అంది.

ఈలోగా ఇంట్లో సంగతులు దిగజారుతూనే ఉన్నాయి. కోడలు రొట్టెల ఫ్యాక్టరీలో పొట్లాలు కడుతుంది. ఆ కూలి పసిదాని మందులకి సరిపోతుంది, ఒక్కోసారి సరిపోదు. పసిదానికి ఊపిరి పట్టేస్తుంది. ఆమె జీతం తిండికి. అద్దె నాలుగు నెలలది ఆగింది. ఇంటివాడు మంచివాడే, తను రాడు, తమ్ముణ్ణి పంపుతాడు. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఏమీ అనకుండా ఇంట్లో సామాన్లన్నీ ఒక్కొక్కటిగా చూసి వెళ్తాడు.

ఇక ఆమె కూతురు. ఇంట్లో అందరూ చిన్నది అంటారు. ఇరవై ఏళ్ళు. చెప్పుల దుకాణంలో పని. వారానికి ఆరు రోజుల పనిని దుకాణంవాడు మూడు రోజులు చేశాడు. చిన్నదానికి అన్న లాగే మాట దాచుకోవడం రాదు.

"అమ్మా, నేను చేరుతున్నాను," అంది ఆ మంగళవారం, తడిసిన చెప్పులు విడుస్తూ.

"ఎందులో?"

"ఎందులో ఏంటి? అన్నయ్య చేరినదాంట్లోనే. పేరు రాయించేశాను. చేరిన రోజే మూడు నెలల జీతం ముందుగా చేతిలో పెడతారు. అద్దె తీరిపోతుంది."

"మీ అన్నకి పదకొండు నెలలది వెనకగా కూడా పెట్టలేదు."

"అందుకే ముందు తీసుకుంటున్నా." చిన్నది నవ్వింది. "శుక్రవారం బండి. కానీ ఒక్క చిక్కుంది. ఒక ఇంటి నుంచి ఒక్కరేనట. అన్నయ్య ఇంకా డ్యూటీలో ఉన్నాడు కదా. నా పేరు పక్కన పెన్సిల్తో చుక్క పెట్టారు. అన్నయ్య దిగితే చుక్క చెరిపేస్తారు."

ఒక ఇంటి నుంచి ఒక్కరే. ఆ నియమం ఎవరి మీదో దయతో పెట్టింది కాదు. వెనకెప్పుడో రెండో యూనిఫాంకి గుడ్డ చాలక పెట్టారట. ఏదైతేనేం, ఉంది. ఎనిమిది నెలల్లో ఒక్క పొద్దు కూడా శుభ్రంగా రాని చొక్కా మూడు రోజుల్లో ఎలా వస్తుందిలే అనుకుంది ఆమె. ఆ సాయంత్రం చొక్కాని ఉతుకుతూ, మొదటిసారి, అంత గట్టిగా రుద్దలేదు.

బుధవారం పొద్దున చొక్కా తీగ మీద తెల్లారిన ఎండలా ఉంది. ఒక్క మరక లేదు. ఆమె కుట్ల సందులు విడదీసి చూసింది, జేబు తిరగేసి చూసింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

కోడలు దాన్ని లాక్కుని ముఖానికి ఆనించుకుంది. "దిగాడత్తయ్యా," అంది.  పసిది వచ్చి తల్లి కొంగు పట్టుకుని, ఎందుకో తెలీకపోయినా తనూ ఏడ్చింది. చిన్నది మాత్రం వదినని వాటేసుకుని, "చూశావా, నాకోసమే దిగాడు," అంది.

 కొడుకు ఎక్కడో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడన్న ఆలోచన ఆమె గుండెలోకి వెచ్చగా దిగింది. దాని వెనకే ఇంకో ఆలోచన దిగింది. అది వెచ్చగా లేదు.

"ఒకటి," అన్నాడు టీమరక, చొక్కాని వెలుతురుకి పట్టుకుని. అనుమానంగా వాసన కూడా చూశాడు.

గురువారం కూడా అంతే. "రెండు," అన్నాడు. ఈసారి లేచి లోపలికెళ్ళాడు. సిరాజేబు బయటికొచ్చాడు. అతని వెనకే పక్క వరండాలోంచి గంజాయన. ఎనిమిది నెలల్లో ఆమెకి ఎవరూ వెయ్యని కుర్చీ ఆ రోజు వేశారు.

"కూర్చోమ్మా, కూర్చో," అన్నాడు సిరాజేబు. అతనికి పళ్ళున్నాయని ఆమె అప్పుడే చూసింది. "రేపు పొద్దున్న డబ్బు కట్టలు కట్టి ఈ బల్ల మీదే పెట్టిస్తాను. ఖాతా మూయగానే తీసుకో."

"రేపు మధ్యాహ్నం బండి బయల్దేరుతుంది," అన్నాడు గంజాయన. "నాకు నలభై మంది కావాలి. ముప్పై తొమ్మిది మంది అయ్యారు. మీ అమ్మాయితో సరి."

"పొద్దున డబ్బు, మధ్యాహ్నం అమ్మాయి," అని సిరాజేబు ఇంకొంచెం నవ్వాడు. "ఒక్కరోజులో అన్నీ తేలిపోతాయి. మాది ఆలస్యాల ఆఫీసని జనం ఊరికే అంటారు."

ఆమె అతని జేబు వైపు చూసింది. సిరా ఇవాళ ఇంకొంచెం కిందికి పాకింది. ఇవ్వడానికి ఎనిమిది నెలలు. తీసుకోవడానికి ఒక్క పూట. ఈ మనుషులు పని చెయ్యలేరని ఇన్నాళ్ళూ అనుకుంది. చెయ్యగలరు. తలుచుకుంటే ఎంత చురుగ్గా చేస్తారో చూసింది. అసహ్యానికి కూడా ఒక రుచి ఉంటుంది, అది నాలిక కింద చేరింది. ఆఫీసు మెట్లు దిగాక ఉమ్మేసింది.

సాయంత్రం చిన్నది సంచి సర్దుకుంటోంది.

"వెళ్ళకే," అంది ఆమె.

"వెళ్ళకపోతే ఏం తింటాం?"

"ఇన్నాళ్ళూ ఏం తిన్నాం?"

"అదే, అది తినలేకే వెళ్తున్నా." చిన్నది సంచి పక్కన పెట్టి తల్లి ముఖంలోకి చూసింది. "అమ్మా, రేపు అన్నయ్య డబ్బొస్తుంది. నా డబ్బూ వస్తుంది. పసిదాన్ని మంచి డాక్టరుకి చూపించు. నాకేం కాదు. అన్నయ్యంత మెతక మనిషిని కాదు నేను."

అన్నయ్య కూడా ఇదే మాట అన్నాడు. నాకేం కాదమ్మా. ఆ రోజు ఆమె రొట్టె ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇంకేమీ చెయ్యలేదు.

వెలుతురు ఇంకా ఉంది. చొక్కాకి ఉతకాల్సిన అవసరం లేదు, అయినా ఉతికింది. తీగ మీద వేసి రెండు భుజాలూ సరిచేసింది. అతను చిన్నప్పుడు బడికి వెళ్ళేముందు సరిచేసినట్టు. వసారాలో ఎవరూ లేరు. చూరు మీంచి చినుకులు పడుతున్నాయి.

"నాన్నా," అంది. "ఇంకొక్క రోజు వెళ్ళిరా."

చొక్కా కదల్లేదు.

"అలిసిపోయావని తెలుసు. దిగిన మనిషివి. మళ్ళీ వెళ్ళమంటున్నాను. చెల్లి బండెక్కుతానంటోంది. నువ్వక్కడుంటే దీన్ని తీసుకోరు. ఒక్కరోజే. రేపు ఒక్కరోజే."

 ఒక్కరోజు చాలదని ఆమెకి తెలుసు. మళ్ళీ ఇంకో బండి వస్తుంది, మళ్ళీ ముప్పై తొమ్మిది మంది అవుతారు. కిటికీ వెనకనుంచి ఎనిమిది నెలలు విన్న గొంతు ఇప్పుడు తన నోట్లోంచి వచ్చింది. రేపు రా. రేపు ఒక్కరోజే. తన మీద తనకే కలిగిన ఏవగింపుతో ఆమె చాలాసేపు అక్కడే నిలబడి, చొక్కా చివర పట్టుకుని, "ఎన్నాళ్ళో నాకు తెలీదు," అంది. "అబద్ధమాడాను. ఎన్నాళ్ళో తెలీదు. అయినా వెళ్ళు."

చీకటి పడేసరికి తీగ ఖాళీగా ఉంది.

శుక్రవారం చిన్నది ఆరింటికే వెళ్ళిపోయింది. లేచి చూస్తే పక్క చుట్టి ఉంది. ఆమె వసారాలోకి వచ్చింది.

చొక్కా బరువుకి తీగ నేల దాకా వంగిపోయింది. కాలరు దాకా బురద, కాలరు లోపల బురద, బొత్తాల కన్నాల్లో బురద. ఆమె వేళ్ళతో నలిపి చూసింది. జిగట మన్ను ఉంది, ఇసక ఉంది, సున్నం ఉంది, ఆమె ఎప్పుడూ ముట్టని ఏదో నల్లమన్ను ఉంది. ఎక్కడిదో చెప్పలేకపోయింది. అన్ని చోట్లకీ వెళ్ళొచ్చినట్టున్నాడు.

వెనక కోడలు నిలబడి ఉంది.

"నిన్న నేను విన్నాను అత్తయ్యా."

ఆమె తిరగలేదు.

"రెండు రోజులు దిగాడు. రెండే రోజులు. నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగితే ఏమనేదానివి?"

కోడలు చుట్టి ఉన్న చిన్నదాని పక్క వైపు చూసింది. తరవాత గోడ మీంచి కవరు తీసి, తెరిచి పట్టుకుంది, చొక్కా పెట్టమన్నట్టు.

"నన్ను చెప్పమంటే నేనే చెప్పేదాన్ని," అంది. "మీ మాటకంటే నా మాట ముందు వింటాడు."

ఆఫీసులో బల్ల మీద డబ్బు నిజంగానే ఉంది. కట్టలు కట్టి, పైన పేపరు వెయిటు పెట్టి. పక్కన ఖాతా మూసే కాగితం, స్టాంపు ప్యాడు మూత తెరిచి. టీమరక, సిరాజేబు, గంజాయన ముగ్గురూ అక్కడే ఉన్నారు. వరసంతా మెడలు చాచి చూస్తోంది.

ఆమె కవర్లోంచి చొక్కా తీసి కిటికీ అరుగు మీద పెట్టింది. బురదనీళ్ళు కారి రిజిస్టరు అంచు దాకా వచ్చాయి.

టీమరక తల పట్టుకున్నాడు. "అయ్యో! ఇవాళ్టితో అయిపోయేది కదమ్మా!"

సిరాజేబు చొక్కా వైపు చూశాడు. గంజాయన వైపు చూశాడు. గంజాయన గొంతు సవరించుకుని, "ఒక మనిషి తక్కువైతే బండి లెక్క కుదరదు," అన్నాడు మెల్లిగా.

"ఆ," అన్నాడు సిరాజేబు. మళ్ళీ పళ్ళు కనిపించాయి. "చూడమ్మా, కాస్త తడిసినట్టుంది, అంతే. బయట వాన కదా. దారిలో జారి పడ్డావా?"

"పడలేదు."

"పడే ఉంటావు. పెద్దదానివి. ఇది దారి బురదని రాసుకుంటాం. మూడో రోజు శుభ్రమే అని. డబ్బు తీసుకుని వెళ్ళిపో." డబ్బు కట్టల్ని ఆమె వైపు నెట్టాడు, రెండు వేళ్ళతో, కుక్క ముందుకి పళ్ళెం నెట్టినట్టు.

ఎనిమిది నెలలు ఒక్క మరక వదలని కళ్ళు ఇవాళ కాలరు దాకా ఉన్న బురదని చూడనంటున్నాయి. ఆమె డబ్బు వైపు చూసింది. అద్దె ఉంది అందులో. పసిదాని ఊపిరి ఉంది. కొడుకు పదకొండు నెలలు నిలబడ్డ చలి ఉంది. అడుక్కోవడం కాదు, అది తమదే. చెయ్యి దానంతటదే లేచింది.

లేచిన చేత్తో చొక్కాని తీసుకుని, డబ్బు మీద, కాగితం మీద, స్టాంపు ప్యాడు మీద, బల్లంతా పరిచింది.

"ఇది వీధి బురద కాదు," అంది. "వీధి బురదలో నూనె ఉంటుంది, నీళ్ళ మీద రంగులు తేలతాయి. ఇక్కడ తేల్లేదు. ఈ నల్లది ఈ ఊళ్ళో ఎక్కడా లేదు. మోకాలి మీద కూర్చుని లేచినవాడి చొక్కాకి అంచు ఇక్కడ మాస్తుంది. పాకినవాడికి ఇక్కడ. రెండూ ఉన్నాయి. లోపల ఇంకా తడి ఉంది, కొత్తది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని నాకు. మీ బట్టలు చూసి మీరేం తిన్నారో కూడా చెప్తాను, వినాలనుంటే."

ఎవరూ వినాలనుకోలేదు. గంజాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. బురద చుక్క ఒకటి అతని తెల్ల పంట్లాం మీద పడింది.

"మీ పుస్తకంలో ఏముంది?" అంది ఆమె. "మాసి ఉంటే హాజరు. రాయండి."

"అమ్మా, ఆలోచించుకో," అన్నాడు సిరాజేబు. పళ్ళు లోపలికి వెళ్ళిపోయాయి. "ఇవాళ వదులుకుంటే ఈ డబ్బు మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేను."

"మీరెప్పుడు చెప్పారు గనక?"

గడ్డం తాత వెనకనుంచి, మంచు చొక్కా చంకలో పెట్టుకుని, గొంతెత్తాడు. "రాయవయ్యా బాబూ, పొద్దెక్కుతోంది. మావాడు కరిగిపోతున్నాడిక్కడ."

వరసలో నవ్వు లేచింది. టీమరక సిరాజేబు వైపు చూశాడు. సిరాజేబు అప్పటికే తన గదివైపు నడుస్తున్నాడు, అక్కడేదో అర్జెంటు పనున్నట్టు. టీమరక రిజిస్టరు తుడిచి, కొడుకు పేరు వెతికి, ఆ రోజు గడిలో హాజరు రాశాడు. ఆమె ఆ గీత పూర్తయ్యేదాకా చూసి, చొక్కా మడిచి, డబ్బు వైపు మళ్ళీ చూడకుండా బయటికొచ్చింది. మెట్లు దిగాక గోడ పట్టుకుని కాసేపు నిలబడింది.

రాసింది హాజరే. కానీ ఆ రాత పక్క వరండా దాకా నడుస్తుందో లేదో ఎవరికి తెలుసు? మనిషి తక్కువైతే చుక్కని చూడని కళ్ళు వాళ్ళవి. మధ్యాహ్నం లాండ్రీలో ఆమె రెండు దుప్పట్ల బురద తడి మీదే రుద్దేసింది. పక్కనున్నామె, "ఏంటక్కా, ఇవాళ నువ్వేనా?" అంది. మూడింటికి రోడ్డు మీద బండి వెళ్ళిన చప్పుడైంది. ఏ బండో కనిపించలేదు, ఆవిరి నిండిన అద్దాలు.

ఇల్లు చేరేసరికి అయిదు. పసిదాన్ని పక్కింటి నుంచి తెచ్చుకుంది. చొక్కా ఎండేదాకా ఆగే ఓపిక లేక సుద్దపొడి చల్లి, దులిపి, ఉతికి, తీగ మీద వేసింది. భుజాలు సరిచేసింది. ఏమీ మాట్లాడలేదు. అయిదున్నరకి కోడలు వచ్చింది. ఒళ్ళంతా పిండి, చేతిలో విరిగిన రొట్టెల పొట్లం. ఆమెని చూసి కళ్ళతోనే అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆరయింది. వాన కొంచెం పెరిగింది. కోడలు దీపం వేసింది.

ఆరుంపావుకి వీధి తలుపు ధడాలున తెరుచుకుంది.

"నువ్వే కదా!" చిన్నది గుమ్మంలోనే అరిచింది. తల తడిసి కారుతోంది, సంచి చంకలో ఉంది. "బండెక్కి కూర్చున్నాక దించేశారు. అందరి ముందూ. మీ అన్న డ్యూటీలో ఉన్నాడట, దిగు అన్నాడు ఆ గంజిబట్టల మనిషి. పంట్లాం మీద మరకేసుకుని, నా మీద ఎందుకో పళ్ళు కొరుకుతూ. నాలుగు గంటలు కూర్చున్నా అందులో! పొద్దున్న నువ్వక్కడేం చేశావో వరసలో వాళ్ళంతా చెప్పుకుంటున్నారు. డబ్బు బల్ల మీద పెడితే తీసుకోలేదటగా?"

"తీసుకోలేదు."

"పదకొండు నెలల జీతం! అన్నయ్యది!"

"అవును."

"మరి అద్దె? అది చెప్పు. అద్దె ఏం చేస్తావు?"

"తెలీదు." ఆమె తువ్వాలు అందించింది. "తల తుడుచుకో."

చిన్నది తువ్వాలు తీసుకోలేదు. వదిన వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవేం వదినా? నీ మొగుడి డబ్బు!"

"నా మొగుడి చెల్లెలివి," అంది కోడలు, రొట్టెలు విడదీస్తూ. "రా, కూర్చో. చల్లారిపోతాయి."

చిన్నది నిలబడే ఉంది. ఒక నిమిషం తరవాత సంచి నేల మీద పడేసింది.  "బండిలో నా పక్క పిల్ల," అంది, ఈసారి గొంతు తగ్గించి, "నా చెయ్యి పట్టుకుని వదల్లేదమ్మా. దిగేటప్పుడు విడిపించుకోవాల్సొచ్చింది." పసిది వెళ్ళి దాని తడి కాళ్ళని వాటేసుకుంది.

"ఎంతమంది వెళ్ళారు?" అంది ఆమె.

"ముప్పై తొమ్మిది మంది."

ఆమె లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్ళింది. వసారాలో తీగ ఖాళీగా ఉంది. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు, ఇవాళ తొందరగానే బయల్దేరాడు. తిరిగి లోపలికి చూసింది. కోడలు వచ్చింది. చిన్నది వచ్చింది, కోపంతో వచ్చింది, వచ్చింది. పసిది ఎక్కడికీ వెళ్ళలేదు, అయినా దాన్నీ లెక్కపెట్టింది.

ముగ్గురు, అనుకుంది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ముగ్గురు.